మనియార్డర్ వచ్చింది, గుర్తింపు కార్డు లేదు

ఏం రా మామా, ఎట్లున్నవ్? కువైట్‌ల ఎండలు జర తగ్గినయా?

రాత్రి చిక్కడపల్లిల ఒకటే వాన. నిద్ర పట్టక లాప్‌టాప్‌ల ఒక సినిమా పెట్టిన. ‘మండాబి’. ఆఫ్రికాల ఉన్న సెనెగల్‌ది, 1968ల వచ్చింది. మండాబి అంటే మన మనియార్డరే. తీసినాయన ఉస్మాన్ సెంబెన్, ఫ్రాన్స్‌ల మార్సెయ్ రేవుల కూలి చేసిన మనిషి. ముందు నవలలు రాసిండు, తన జనంల చదువు రానోళ్లే ఎక్కువని సినిమాకొచ్చిండు. అందుకే వాళ్ల వోలోఫ్ భాషలనే తీసిండు.

సెనెగల్ రాజధాని డకార్‌ల ఇబ్రహీమా డియెంగ్ అని ఒకాయన. ఇద్దరు పెండ్లాలు, ఏడుగురు పిల్లలు, పని లేదు. పారిస్‌ల రోడ్లూడ్చే మేనల్లుడు 25,000 ఫ్రాంకులు పంపుతడు. అందుల ఈయనకు 2,000, పిల్లగాని తల్లికి 3,000, మిగిలింది దాచిపెట్టాలె. పైసలు చేతికి రాకముందే ఇంట్లకు ఉద్దెర బియ్యం వచ్చినయి, వాకిట్ల అప్పులడిగేటోళ్లు నిలబడ్డరు! పోస్టాఫీసోళ్లు గుర్తింపు కార్డు తెమ్మంటరు. కార్డుకు పుట్టిన సర్టిఫికెట్, దానికి తేదీ కావాలె. ఆ తేదీ ఆయనకు తెల్వదు. గల్లీల అందరికీ తెలిసిన మనిషి, కౌంటర్ కాడ మాత్రం ఎవరూ కాదు. ఫ్రెంచోళ్ల నుంచి స్వాతంత్ర్యం 1960లనే వచ్చింది, ఆఫీసుల్ల మాత్రం ఇంకా ఫ్రెంచే.

డియెంగ్ దేవుడేం కాదు. పెండ్లాల మీద ఆయన పెత్తనం చూస్తే నాకు కోపమొచ్చింది. అయినా మొదట్లనే చెట్టు కింద మంగలి ఆయన ముక్కుల వెంట్రుకలు సుత తీస్తుంటే, దర్జాగ మొఖం పైకెత్తి కూసుంటడు చూడు, ఆ మొఖమే కాగితాల కోసం తిరిగి తిరిగి వాడిపోతుంటే నాకు పానం ఆగలే.

అమ్మ యాదికొచ్చిందిరా. పింఛన్ కాగితాలకని తీసుకపోతే పుట్టిన తేదీ అడిగిండ్రు. “కరువొచ్చిన ఏడు, బతుకమ్మకు రెండు దినాల ముందు” అన్నది. ఆ పిల్లగాడు తలెత్తకుండ జనవరి 1 అని కొట్టిండు. ఇప్పుడు ఏటా ఆ దినం బ్యాంకు నుంచి పుట్టినరోజు మెసేజ్ వస్తది. నాతోని చదివించుకోని “ఎవరికిరా ఇది?” అంటది.

మేనల్లుని జాబు చదివేటప్పుడు నువ్వే కండ్లల్ల మెదిలినవ్. తిరుగుబోతయ్యేతందుకు రాలేదు, పైసలు సంపాయించి పని నేర్చుకుంట అని రాస్తడు. నువ్వు పోయిన కొత్తల మీ అమ్మకు ఫోన్‌ల ఇదే అన్నవ్, నేను పక్కనే ఉన్న.

ఆఖరికి ఏమైతదో చెప్ప. శుక్రవారం సెలవే గదా, చూసి ఫోన్ చెయ్యి. మీ అమ్మకు పైసలు అందినయి, మొన్న నేనే పోయి ఇచ్చొచ్చిన.

ఉంట మరి.