కోతల వేళ వాన కబురు వివరంగా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

‘కోస్తాలో భారీ వర్షాలు, ఈదురు గాలులు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే రైతుకు ఆ వార్త సగమే పనికొస్తుంది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. కోసి చేలో పరిచిన పనల మీదున్న వరికి మొదటిదానికీ చివరిదానికీ మధ్య తేడా ఏడాది కష్టమంత. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన చేలు నీళ్లలో నానిపోయాయి. కుప్ప వేయాలంటే కూలీలు దొరకాలి, పరదాలు అద్దెకు తేవాలి. ఒక్క పూట ముందు తెలిసినా గింజ దక్కుతుంది.

హెచ్చరిక రంగుతో పాటు ఎన్ని మిల్లీమీటర్లు, గాలి గంటకు ఎన్ని కిలోమీటర్లు, ఏ పూట నుంచి ఏ పూట దాకా అన్నది జిల్లా పేజీలో వేయండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే వెంటనే పనిలోకి దిగమని పక్కనే రాయండి. తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే గింజ మొలకెత్తకుండా ఆపవచ్చన్న సలహా కూడా వాన వెలిశాక కాదు, ముందురోజే రావాలి. పంట పోతే పెట్టుబడితో పాటు కౌలు కూడా మెడకు చుట్టుకునే కౌలు రైతుల కోసమే ఇంతగా అడుగుతున్నాను.

- ఒక రైతు, బాపట్ల జిల్లా