రూఫ్ ఏసీ పనికి ఇకపై రెండు రోజులు పడుతుంది, ఎందుకో చెబుతాను

అందరికీ నమస్కారం. కారు వెనక తగిలించుకుని వెళ్ళి లోపలే పడుకునే చిన్న ట్రెయిలర్లకు రూఫ్ ఏసీ, అంటే పైకప్పు మీద కూర్చునే ఏసీ, బిగించే పని ఇన్నాళ్ళూ ఒక్క రోజులో చేసి ఇచ్చేవాళ్ళం. పొద్దున బండి వదిలితే సాయంత్రానికి చల్లగా తీసుకెళ్ళొచ్చని మేమే గొప్పగా చెప్పుకునేవాళ్ళం కూడా. ఇకనుంచి రెండు రోజులు, కొన్ని బండ్లకు మూడు రోజులు పడుతుంది. ఇప్పటికే తేదీ తీసుకున్నవాళ్ళకు ఫోన్లు చేస్తున్నాం, కొందరు విసుక్కున్నారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

పోయిన నెల ఒక పాత కస్టమర్ వచ్చారు. రెండేళ్ళ కిందట ఆయన బండికి ఏసీ పెట్టింది మేమే. రాత్రంతా ఏసీ వేసుకుని పడుకుని, పొద్దున బండి కదిలించి మొదటి బ్రేకు వేయగానే లోపల మంచం మీద గ్లాసుడు నీళ్ళు పడుతున్నాయట. నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే ఏసీ చుట్టూ బండి పైకప్పు పళ్ళెంలా గుంటపడి ఉంది. ఇనుప స్కేలు అడ్డంగా పెడితే దాని కింద నా చూపుడు వేలు సులువుగా దూరింది. గుంట అంచున నీళ్ళు ఆరిన మరకలు ఒకదాని లోపల ఒకటి వలయాల్లా ఉన్నాయి, అంటే అక్కడ ఎన్నాళ్ళుగానో నీళ్ళు నిలుస్తూ ఆరుతూ వస్తున్నాయన్నమాట.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఏంటంటే, ఆరు నెలల ముందు ఆయన ఇదే ఫిర్యాదుతో వచ్చినప్పుడు మేం నాలుగు బోల్టులూ ఇంకాస్త బిగించి పంపేశాం. ఆ బిగింపుతోనే కప్పు ఇంకా కిందికి దిగింది.

ఇది అర్థం కావాలంటే ఏసీ కప్పు మీద ఎలా నిలబడుతుందో తెలియాలి. చాలా ట్రెయిలర్ల కప్పుకి గాలి ఫ్యాను కోసం 14 అంగుళాల చదరపు రంధ్రం ముందే ఉంటుంది. ఆ ఫ్యాను తీసేసి అదే రంధ్రంలో ఏసీ కూర్చోబెడతాం. పైనుంచి ఒక్క స్క్రూ కూడా ఉండదు. ఏసీ కింద నీళ్ళు లోపలికి దిగకుండా ఆపే మెత్తటి ఫోమ్ పట్టీ (గ్యాస్కెట్), లోపల సీలింగుకి ఒక చట్రం, రెంటినీ కలుపుతూ నాలుగు పొడవాటి బోల్టులు, అంతే. మధ్యలో నలిగేది కప్పే. గ్యాస్కెట్ దాదాపు సగం మందానికి నొక్కుకుంటే చాలు, అంతకంటే బిగిస్తే అది పిప్పి అయిపోతుంది, కప్పు కుంగుతుంది. పైగా ఫ్యాను బరువు నాలుగైదు కిలోలు కూడా ఉండదు, ఏసీ 35 నుంచి 45 కిలోలు. సన్నటి చెక్క దూలాల మీద ఆ బరువు గుంతల రోడ్డులో ఎగిరెగిరి పడుతుంటే కప్పు ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?

ఇంకోటి, ఏసీ నుంచి వచ్చే నీళ్ళు చాలా మోడళ్ళలో కప్పు మీదికే పోతాయి. అది లోపం కాదు, దాని తయారీయే అంత. కప్పు కొంచెం వంపుగా ఉంటే జారిపోతాయి, గుంట పడితే గ్యాస్కెట్ పక్కనే చెరువు కడతాయి.

అందుకే ఇకపై ముందు సీలింగ్ విప్పి దూలాలు చూస్తాం. రంధ్రం చుట్టూ కప్పు మందానికి సరిపడా చెక్క చట్రం కట్టి, బోల్టుల ఒత్తిడంతా దాని మీదే పడేలా చేస్తాం. మెత్తగా అనిపించిన కప్పులకు ఈ గోడ నుంచి ఆ గోడకి కొద్దిగా విల్లులా వంచిన దూలం అదనంగా వేస్తాం. బోల్టులు చేతి అంచనాతో కాకుండా, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచితో, కంపెనీ పుస్తకంలో రాసినంతే బిగిస్తాం. గ్యాస్కెట్ చుట్టూ సిలికాన్ పూయమని అడిగేవాళ్ళు ఉన్నారు, దయచేసి అడగొద్దు. లోపలికి చేరిన నీళ్ళు బయటికి రాలేవు, తర్వాత ఏసీ తీయాల్సి వస్తే కప్పు పొర కూడా ఊడి వస్తుంది.

కరెంటు గురించి కూడా మొహమాటం లేకుండా చెప్పేస్తాను, ఎందుకంటే వారానికి నలుగురైనా అడుగుతున్నారు. 13,500 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ నడిచేటప్పుడు సుమారు 1,500 వాట్లు లాగుతుంది. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1,280 వాట్ అవర్లు. లెక్క మీరే వేసుకోండి, గంట కూడా రాదు. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఇంకా ఎన్నో రెట్లు లాగుతుంది కాబట్టి చిన్న జనరేటర్లు అక్కడే చతికిలపడతాయి. సాఫ్ట్ స్టార్టర్ పెడితే ఆ మొదటి ఊపు తగ్గుతుంది గానీ మొత్తం వాడకం తగ్గదు. అలాగే చిన్న బండికి పెద్ద ఏసీ కావాలని పట్టుబట్టకండి, అది గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, చెమ్మ మాత్రం అలాగే ఉండిపోతుంది.

గత మూడేళ్ళలో మేం ఏసీ పెట్టిన బండ్లన్నీ ఉచితంగా చూస్తాం, కుంగినవి మా ఖర్చుతోనే బాగుచేస్తాం. ఈలోగా మీరే ఒకసారి కరెంటు ఆపేసి, లోపలి ప్లాస్టిక్ మూత విప్పి టార్చి వేసి చూడండి. గ్యాస్కెట్ అంచున చేత్తో తడిమితే తడి తగిలినా, చెక్క నల్లబడి కనిపించినా ఫోన్ చేయండి. బోల్టులు మాత్రం ముట్టుకోకండి. ఆ మూత విప్పినప్పుడే చల్లగాలి దారికీ, వెనక్కి పీల్చే దారికీ మధ్య ఉండే అడ్డు ఊడిందేమో చూడండి. ఊడితే చల్లగాలి గదిలోకి రాకుండా తిరిగి ఏసీలోకే పోతుంది. చల్లబడట్లేదని వచ్చిన బండ్లలో రెండింటికి ఇదే జబ్బు, వెండి రంగు టేపు అంటిస్తే సరిపోయింది.

ఆ పాత కస్టమర్ బండి ఇంకా మా షెడ్డులోనే ఉంది. నల్లబడిన చెక్క కోసేశాం, సీలింగ్ విప్పి పగలూ రాత్రీ ఫ్యాను పెట్టాం, పూర్తిగా ఆరితే గానీ కొత్త చట్రం కట్టలేం. అది బయటికి వెళ్ళేదాకా కొత్తగా ఏసీ పని ఒప్పుకోవడం లేదు.