ఈసారి మా అలాస్కా కాగితాల్లో ‘ఆర్ సిమిలర్’ (లేదా అలాంటిదే ఇంకొకటి) అనే మాట ఉండదు

అందరికీ నమస్కారం.

నిరుడు జులై బ్యాచ్‌లో మాతో అలాస్కా వచ్చిన 26 మందికీ ఏం జరిగిందో తెలుసు. మిగతావాళ్లకి చెవిన పడింది తెలుసు. ఈమధ్య బెల్వ్యూలో ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో నా గురించి నేనే విన్నాను. “ముసలివాళ్లని తెల్లవారుజామున మూడింటికి లేపి కూర్చోబెట్టిందట, పార్కు బస్సు పోయిందట, కొండ కూడా చూపించలేదట” అని. నేను వెనకే ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాను. లేపింది మూడింటికి కాదు, మూడుంబావుకి. బస్సు పోయిన మాట నిజం. కొండని, అంటే డెనాలీ అనే మంచుకొండని, మాత్రం చాలామంది చూశారు, చూడనిది నేను. కొత్త బుకింగులు తెరిచేముందు ఈ సంగతి నా నోటితోనే చెప్పడం మంచిదనిపించింది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. మాది సియాటిల్ దగ్గర ఇంట్లోంచే నడిపే చిన్న టూరు వ్యాపారం. నేను, మా ఆయన, సీజన్‌లో సాయానికి ఒక కుర్రాడు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లకి అలాస్కా చూపించాలనుకునే కుటుంబాలే మా కస్టమర్లు. ఏడు రాత్రులు క్రూజ్, ఐదు రాత్రులు ల్యాండ్ టూర్. క్రూజ్‌లో నా గొప్ప ఏమీ లేదు, టికెట్లు ఎవరైనా కొనిపెడతారు. ల్యాండ్ టూర్ మాత్రం నాది. యాంకరేజ్‌లో బస్సు, డెనాలీ దగ్గర గదులు, ఐస్ చెస్ట్‌లో పెరుగు, పొద్దున్నే లేచి మా ఆయన కలిపే పులిహోర. దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే.

డెనాలీ నేషనల్ పార్కు గేటు దగ్గర, నడిచి వెళ్లగలిగినంత దూరంలో 13 గదులు కావాలని ముందటేడు అక్టోబరులోనే డబ్బు కట్టాను. తీసుకున్నది యాంకరేజ్‌లోని ఒక ల్యాండ్ సప్లయర్, అంటే అక్కడి గదులు, బస్సులు కుదిర్చిపెట్టేవాళ్లు. మూడేళ్లుగా వాళ్లతోనే చేస్తున్నాం, ఏ పేచీ లేదు. జులైలో మా ఓడ విటియర్ చేరింది. ఆ ఊళ్లోంచి రోడ్డు మీద బయటపడాలంటే ఒక్కటే దారి, రెండున్నర మైళ్ల సొరంగం. లోపల ఒకటే లేను. రైలూ అందులోంచే, బళ్లూ అందులోంచే, కాసేపు ఇటువైపు నుంచి, కాసేపు అటువైపు నుంచి వదులుతారు. మా వంతు కోసం బస్సు ఆగి ఉండగా ఫోన్‌లో మెయిల్ వచ్చింది. గేటు దగ్గర గదులు కుదరలేదు, అలాంటిదే ఇంకో లాడ్జిలో వేశాం, ధరలో తేడా లేదు, ఓకేనా అని. లాడ్జి పేరులో డెనాలీ ఉంది. ఫొటోలో మంచుకొండ ఉంది. వెనక సీట్లో ఒక పిల్లాడు వాంతి చేసుకుంటుంటే కవర్ వెతుకుతున్నాను. ‘ఓకే’ అని కొట్టాను. సప్లయర్ చేసింది సప్లయర్ చేశాడు, ఆ రెండక్షరాలు మాత్రం నావి.

డెనాలీ అనే పేరు ఆ చుట్టుపక్కల ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. నేషనల్ పార్కు గేటు పార్క్స్ హైవే మీద 237వ మైలురాయి దగ్గర. దక్షిణాన డెనాలీ స్టేట్ పార్కు అని ఇంకొకటుంది, అది వేరు. అటువైపు కొన్ని లాడ్జీలు గేటుకి వంద మైళ్ల అవతల ఉంటాయి, పేరులో మాత్రం కొండే. మాకిచ్చింది అలాంటిదే. చివరికి ఆ పార్క్స్ హైవే కూడా పార్కుల పేరు మీద పెట్టింది కాదు, జార్జ్ పార్క్స్ అనే పాత గవర్నర్ పేరట. మన లెక్కలో చెప్పాలంటే తిరుమల కొండ మీద గది అని డబ్బు కట్టించుకుని నెల్లూరులో తాళం చేతికిచ్చినట్టు. దూరం కూడా దాదాపు అంతే.

మర్నాడు పొద్దున ఆరున్నరకి పార్కు బస్సు. లోపల సొంత బళ్లని 15వ మైలు దాకానే పోనిస్తారు, ఆ పైన పార్కు బస్సే గతి, సీట్లు ముందే కొనుక్కోవాలి. కాబట్టి మూడుంబావుకి అందరినీ లేపాం. పావు తక్కువ నాలుగుకల్లా లాడ్జి మెట్ల మీద 26 మందీ కూర్చున్నారు. చీకటి లేదు, జులై మొదట్లో అక్కడ చీకటన్నది సరిగ్గా పడదు. మంకీ క్యాపులు, శాలువాలు, ఒళ్లో ఫాయిల్‌లో చుట్టిన పులిహోర పొట్లాలు, చెవుల చుట్టూ దోమలు. బస్సు రాలేదు. నాలుగింటికి ఫోన్ చేస్తే తేలిందేమిటంటే, పొద్దుటి డ్రైవరు పాత అడ్రసుకే, అంటే గేటు దగ్గరికే, బయల్దేరి వెళ్లి మాకోసం ఎదురుచూస్తున్నాడు. గదులు మార్చిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మగారు షుగర్ మాత్ర మూడున్నరకే వేసేసుకున్నారు. నాలుగున్నరకి పొట్లం విప్పి, “అమ్మాయ్, బస్సు సంగతి తర్వాత చూద్దాం, ముందు నువ్వు కూడా రెండు ముద్దలు తిను” అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

బస్సు వచ్చేసరికి ఆరు దాటింది. గేటు చేరేసరికి మా పార్కు బస్సు పోయి గంటన్నర పైన. మధ్యాహ్నం బస్సుల్లో బతిమాలితే 15 సీట్లు దొరికాయి. పదకొండు మంది ఆగిపోవాలి. ఎవరు ఆగారో మీరే ఊహించుకోండి. “పిల్లలు చూడనీ, మేం చూసి ఏం చేస్తాం” అన్నది పెద్దవాళ్లే. ఎవరికోసం ఈ టూరు పెట్టామో వాళ్లు. వాళ్లని ఉచిత షటిల్‌లో సావేజ్ నది దాకా, అంటే ఆ 15వ మైలు దాకా, తీసుకెళ్లాను. దూరంగా కారిబూలు, అంటే దుప్పిలాంటి జంతువులు, రెండు కనిపించాయి. లోపలికి వెళ్లినవాళ్లు రెండు పిల్లలున్న తల్లి ఎలుగుబంటిని చూసొచ్చారు.

ఆ రాత్రి సప్లయర్‌తో ఫోన్‌లో గంట సేపు. అతను ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. కాంట్రాక్టులో హోటల్ పేరు పక్కన ‘ఆర్ సిమిలర్’ అని ఉందన్నాడు. సిమిలర్ అంటే గది స్థాయి చూస్తారు, దూరం చూడరు అన్నాడు. పైగా మీరు ఓకే అన్నారు కదా అన్నాడు. టూరు కాగితాల్లో ఆ మాట ఎప్పటినుంచో ఉంది, నేను మీకిచ్చే కాగితాల్లో కూడా నేనే పెట్టాను, ఎప్పుడూ ఆగి చదవలేదు. సరిగ్గా ఆ గంటలోనే, పదకొండు గంటల వెలుతుర్లో, మబ్బు విడిపోయి కొండ మొత్తం బయటపడిందట. 20,310 అడుగులు, అడుగు నుంచి కొస దాకా. అందరూ బాల్కనీలోకి పరిగెత్తారు, నన్ను కూడా పిలిచారట. నేను లోపల గోడవైపు తిరిగి ‘సిమిలర్’ అనే మాటకి అర్థం గురించి వాదిస్తున్నాను. బయటికి వచ్చేసరికి మళ్లీ మబ్బు.

డబ్బు సంగతి. సప్లయర్ పైసా వెనక్కివ్వలేదు. పదకొండు మందికి పార్కు బస్సు డబ్బు, 26 మందికీ ఒక రాత్రి గది డబ్బు నేనే తిరిగిచ్చాను. ఎవరూ అడగలేదు. అడిగించుకోవడం ఇష్టంలేక ఇచ్చాను, అందులో కొంచెం పొగరు కూడా ఉందని ఒప్పుకుంటాను.

ఇక మూడు నెలలు నిద్రపట్టనివ్వని విషయం. మా ఆయన దగ్గర్నుంచి పాత కస్టమర్ల దాకా అందరూ ఒకటే మాట. ల్యాండ్ టూర్ కూడా ఓడ కంపెనీ ప్యాకేజీలోనే తీసేసుకో, నీకు టెన్షన్ ఉండదు అని. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, “ఎంతైనా మీరు ఏజెంట్లే కదా, వాళ్లయితే పెద్ద కంపెనీ” అన్నారు. ఆ మాట ఇంకా అరగలేదు. అయినా కోపం పక్కన పెట్టి వాళ్ల ప్యాకేజీలు నాలుగు ముందేసుకుని కూర్చున్నాను. మంచి ఉంది, లేదనను. సామాను వాళ్లే మోస్తారు. అద్దాల పైకప్పున్న రైలు పెట్టెలు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, రైలు ఆలస్యమైతే ఓడ ఎక్కించే బాధ్యత వాళ్లదే. సొంతంగా వెళ్లేవాళ్ల కోసం ఓడ ఆగదు.

కానీ నేను చూసినవాటిలో గేటు దగ్గర చాలావాటికి ఒక్క రాత్రే. పార్కు లోపల చిన్న టూరు, సుమారు 30 మైళ్ల దాకా పోయి వెనక్కి. పెద్ద టూరు కావాలంటే విడిగా కొనుక్కోవాలి. పార్కు రోడ్డు మొత్తం 92 మైళ్లు. ప్రెటీ రాక్స్ అనే చోట కొండచరియ జారి 2021 ఆగస్టు నుంచి 43వ మైలు దగ్గర మూసేశారు, అక్కడ వంతెన కడుతున్నారు. అసలే సగానికి తగ్గిన రోడ్డులో మళ్లీ చిన్న టూరేమిటి? పొద్దున ఆరింటికి పెట్టెలు గది బయట పెట్టాలి, మధ్యాహ్నం భోజనం ఎక్కడ దొరికితే అక్కడ, శాకాహారులకి చిప్స్, సలాడ్. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఏముందో చెప్పనా? ఆర్ సిమిలర్. అది చదివాక నా మనసు కుదుటపడింది. ల్యాండ్ టూర్ నేనే చేస్తాను.

మొండితనం అనుకుంటే అనుకోండి. కొత్త సప్లయర్ కాంట్రాక్టులో ప్రతి గదికీ హోటల్ పేరు, దాని పక్కన హైవే మైలురాయి నంబరు రాయించాను. ‘ఆర్ సిమిలర్’ అనే రెండు మాటలు తీసేయడానికి వాళ్లు రెండు వారాలు నానబెట్టారు. చివరికి పెన్నుతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టించుకున్నాను. మీకిచ్చే కాగితంలో కూడా అంతే.

రెండో మార్పు, ఈసారి ముందు నేల, తర్వాత నీళ్లు. ఇన్నాళ్లూ వాంకూవర్‌లో ఓడెక్కి పైకి వెళ్లి, దిగాక డెనాలీకి పోయేవాళ్లం. ఏడు రోజులు ఓడలో పడుకుని తిన్నాక బస్సులు, రైళ్లు, పొద్దున్నే లేవడాలు పెద్దవాళ్లకి శిక్ష. కష్టం ముందు పడితే ఓడలో విశ్రాంతి. ఇందులో ఒక ప్రమాదం ఉంది, ఇందాక చెప్పినట్టు మన ఆలస్యానికి ఓడ ఆగదు, ఆపైన ఆ సొరంగం ఒకటి. అందుకే డెనాలీ నుంచి వచ్చాక యాంకరేజ్‌లో ఒక రాత్రి ఖాళీగా ఉంచాను. ఆ రోజు చూడ్డానికి ఏమీ పెట్టలేదని ఫోన్ చేయకండి, కావాలనే పెట్టలేదు. ఓడ విటియర్ నుంచి గ్లేషియర్ బే, స్కాగ్వే, జునో, కెచికాన్ మీదుగా వాంకూవర్. గ్లేషియర్ బేలోకి రోజుకి రెండు పెద్ద ఓడల్నే రానిస్తారు, మనది అందులో ఒకటి.

వాంకూవర్‌లో దిగుతాం కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న అమ్మానాన్నలకి కెనడా వీసా కావాలి. సియాటిల్ నుంచి సియాటిల్‌కి వెళ్లే ఓడ ఎక్కితే తప్పించుకోవచ్చని కొందరంటారు. తప్పదు. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగాల్సిందే, అందుకే అవి చాలావరకు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. హెచ్-వన్ వీసా స్టాంపు గడువు తీరిపోయినవాళ్లు నాకంటే ముందు మీ లాయర్‌ని అడగండి.

బ్యాచ్‌లు రెండే, జూన్ మధ్యలో ఒకటి, ఆగస్టు మూడో వారంలో ఒకటి. ఒక్కోదానిలో 16 మందే. మనిషికి నిరుటికంటే 410 డాలర్లు ఎక్కువ, అందులో యాంకరేజ్ రాత్రి, మనుషులు తగ్గడం వల్ల బస్సు ఖర్చు ఉన్నాయి. జూన్‌లో వెలుతురు ఎక్కువ, దోమలూ ఎక్కువే. ఆగస్టు చివర్లో నేలంతా ఎర్రబడుతుంది. నన్నడిగితే ఆగస్టు. నిరుడు ఆగిపోయిన పదకొండు మందిలో మళ్లీ ఎవరు వచ్చినా పార్కు బస్సు సీటు నా ఖర్చు. తెనాలి పెద్దమ్మగారు ఈ ఏడాది రావడంలేదట, వాళ్లమ్మాయికి చెప్పాను, ఆ సీటు ఎప్పుడొస్తే అప్పుడు ఉంటుందని.

కొండ కనిపిస్తుందని మాత్రం రాసివ్వను. వెళ్లినవాళ్లలో సుమారు ముప్పై శాతం మందికే కనిపిస్తుందని అక్కడివాళ్లే చెబుతారు. 2025 జనవరిలో కొండ పేరు మళ్లీ మెకిన్లీ అని మార్చారు, పార్కు పేరు డెనాలీగానే ఉంది. కాగితాల్లో రెండూ కనిపిస్తే కంగారుపడకండి, అది ఒకటే కొండ. ఈసారి మైలురాళ్లు నేను చూసుకున్నాను.

భోజనం ఎప్పటిలాగే. ల్యాండ్ టూర్‌లో అన్నం, పప్పు, పెరుగు మావి. ఓడలో ముందురోజు రాత్రే హెడ్ వెయిటర్‌కి చెబితే మనకి తగ్గట్టు ఏదో ఒకటి చేసిపెడతారు. ఇంట్లో వండినవి ఓడలోకి తేవద్దు. రైస్ కుక్కర్ అసలు తేవద్దు, స్కానింగ్‌లో పట్టేస్తారు. నిరుడు ఒకరిది చీరల మధ్య చుట్టి పెట్టినా పట్టేశారు, దిగేటప్పుడు తిరిగిచ్చారు గానీ లోపలి గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఎవరిదో వచ్చి తీసుకెళ్లండి.