వీధి ఆరోగ్య నిధి వీధివాళ్ల చేతికివ్వండి

గంజాం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. 2013లో మొదలైన పట్టణ ఆరోగ్య మిషన్ నిబంధనల ప్రకారం 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి, దానికి ఏడాదికి 5,000 రూపాయలు ఇవ్వాలి. చిన్న మొత్తమే. కానీ దేనికి వాడాలో సమితే తేల్చుకోవచ్చు, నాకు నచ్చింది అదే.

బరంపురంలో మా తెలుగువాళ్ల వీధుల్లో మురుగు ఎక్కడ నిలుస్తుందో, ఏ కుళాయి పైపు కాలువలో మునిగి ఉందో ఆడవాళ్లకే బాగా తెలుసు. దయచేసి ఈ నిధికి జిల్లా నుంచి ఇంకొంత కలపండి. ఏ వీధికి ఎంతో సమితులే కలిసి కూర్చుని నిర్ణయించుకోనివ్వండి. దరఖాస్తులు ఒడియాతో పాటు తెలుగులోనూ తీసుకోండి. రాయడం రాని అమ్మ నోటితో చెబితే ఆశా కార్యకర్త రాసిపెట్టాలి. ఖర్చు లెక్క వీధి గోడకే అంటించాలి. వానలకు ముందే డబ్బు అందేలా చూడండి.

ఇట్లు,
బరంపురం వాసి