బీపీ చూసే నర్సమ్మ నోరు కూడా చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మా శ్రీకాకుళం తీరంలో చుట్ట కాల్చే ఆడవాళ్ళలో చాలామంది నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుంటారు, అడ్డపొగ అంటాం. దీనివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తోందని మన డాక్టర్లు 1950ల్లోనే రాశారు. ఇన్నేళ్ళయినా మా ఊళ్ళలో అది బయటపడేది ముద్ద మింగుడుపడనప్పుడే. మా పెద్దమ్మకి అంగిలి మీద తెల్లటి మచ్చ వచ్చి, మధ్యలో ఎర్రగా పుండై నెలల తరబడి మానకపోతే, వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతూ గడిపేసింది. అలాగని క్లినిక్ మొహం చూడలేదా అంటే, బీపీ మాత్రల కోసం నెలనెలా వెళ్తూనే ఉంది. ఒక్కసారి నోరు తెరవమ్మా అన్నవాళ్ళు లేరు.

అక్కడి నర్సుని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. విలేజ్ క్లినిక్‌లలో పనిచేసే ఎమ్మెల్‌హెచ్‌పీలు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) నర్సింగ్ చదివి వచ్చినవాళ్ళు, యాప్‌లో ఎంట్రీలకే సగం రోజు పోతోంది పాపం. కానీ పళ్ళ డాక్టరు ఉండేది పట్నంలో పెద్దాసుపత్రిలో, నొప్పి లేకుండా కూలి పోగొట్టుకుని అంత దూరం ఎవరూ వెళ్ళరు కదా, కాబట్టి ఊళ్ళో మన నోరు ముందుగా చూడగలిగేది ఆ నర్సమ్మే. 30 ఏళ్ళు దాటిన వాళ్ళకి ఐదేళ్ళకోసారి నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలని 2016 నాటి కేంద్రం మార్గదర్శకాల్లోనే ఉంది. అడ్డపొగ ఉన్న ఊళ్ళకి ఐదేళ్ళకోసారి చాలదని నా అభిప్రాయం.

పళ్ళు పీకమని ఎవరూ అడగడం లేదు. టార్చిలైటు, చిన్న అద్దం, గ్లౌజులు ఉంటే అంగిలి, నాలుక కింద, బుగ్గల లోపల చూడటానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. గుట్కా నమిలే కుర్రాళ్ళ నోట్లో వాళ్ళ మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోతే అదీ ప్రమాదమే. షుగర్ ఉన్నవాళ్ళూ, గర్భిణులూ ఎలాగూ చెకప్‌కి వస్తారు కాబట్టి, చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే అప్పుడే చూసి చెప్పొచ్చు.

ఒట్టి చీటీ రాసి పంపేస్తే మాత్రం లాభం లేదు, సగం మంది మధ్యలోనే ఆగిపోతారు. జిల్లా వైద్యాధికారులు ముందు మా తీర మండలాల్లో బీపీ, షుగర్ చూసే ప్రతిసారీ నోరు కూడా చూడమని ఆర్డరు వేసి, ఆసుపత్రి డెంటిస్టుని నెలకోసారైనా క్లినిక్‌కి పంపి, నర్సు గుర్తించిన వాళ్ళని అక్కడే చూపించే ఏర్పాటు చేయాలి.

– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా