హాకీ మాస్టారి పేరున కప్పు సరే, మైదానం ఏది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. కావలికీ బిట్రగుంటకీ మధ్య రైలు పట్టాల పక్కనున్న ఊరు మాది. మా హాకీ మాస్టారు పోయాక ఆయన పేరు మీద ఏటా సంక్రాంతికి మూడు రోజులు టోర్నమెంటు జరుగుతోంది. ఈ ఏడాదిది మూడోది. నడిపేవాళ్లంతా ఒకప్పుడు ఆయన దగ్గర ఆడినవాళ్లే. చెన్నై, హైదరాబాదుల నుంచి సెలవు పెట్టుకుని వస్తారు, చేతి డబ్బు ఖర్చు పెట్టుకుంటారు. వాళ్లను తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ ఈ పండక్కి ఆ మైదానంలో చూసింది నలుగురికీ చెప్పకపోతే మనసు ఊరుకోవడం లేదు.

రెండో రోజు పొద్దున, చిన్నపిల్లల మ్యాచ్. పన్నెండేళ్ల కుర్రాడొకడు గోల్‌లో నిలబడ్డాడు. హాకీ కీపర్ కిట్ లేదు కాబట్టి పెద్దవాళ్ల క్రికెట్ ప్యాడ్లు కట్టారు. అవి వాడికి తొడల దాకా వచ్చాయి, వంగడానికి కూడా రావడం లేదు. తలకు ఏమీ లేదు. అవతలివైపు నుంచి కొట్టిన బంతి నేలబారుగా వస్తూ వస్తూ ఒక గుంట అంచుకు తగిలి ఎగిరింది. వాడి దవడకు కొట్టుకుంది. హాకీ బంతి 156 నుంచి 163 గ్రాముల బరువుంటుంది, గట్టిదనం రాయితో సమానం. దేవుడి దయవల్ల ఒక పన్ను కదలడంతో పోయింది. రెండంగుళాలు పైన తగిలుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ గుంట ఎక్కడిదని పోయి చూశాను. డిసెంబరులో అదే మైదానంలో నెలరోజులు ఎగ్జిబిషన్ పెట్టారు. డేరా గుంజ పీకేసి పోయారు, గుంట పూడ్చలేదు. అట్లాంటివి గోల్ ముందు సున్నంతో గీసే ‘డి’ ఆకారపు గీత లోపలే నేను ఎనిమిది లెక్కపెట్టాను. మేకులు, సీసా పెంకులు వేరే.

మాస్టారుంటే ఆ మ్యాచ్ మొదలయ్యేదే కాదు. ఆయన ఉద్యోగరీత్యా మాస్టారు కాదు, రైల్వేలో ఫిట్టరు. బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డు ఉండేది. అక్కడి రైల్వే కాలనీలో డ్రైవర్లు, ఫైర్‌మన్లు సాయంత్రం పూట హాకీ ఆడుతుంటే బయటికి పోయిన బంతులు ఏరి ఇస్తూ నేర్చుకున్నానని చెప్పేవారు. డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా నేరుగా గ్రౌండుకి వచ్చేవారు. చేతులకు గ్రీజు వాసన పోయేది కాదు. జీతం అడిగిందీ లేదు, ఎవరూ ఇచ్చిందీ లేదు.

ఆటకు ముందురోజు మైదానం గీయడం ఒక పెద్ద పని. ఆయన దగ్గర ముతక కొబ్బరి తాడు ఒకటుండేది, సరిగ్గా పదహారు గజాలు. గోల్ స్తంభం మొదట్లో ఒక కొస తను పట్టుకుని కూర్చుని, రెండో కొస మాలో ఒకడికి ఇచ్చేవారు. అడుగున మేకుతో బెజ్జాలు కొట్టిన డాల్డా డబ్బాలో సున్నం పోసి, తాడు బిగువు తప్పకుండా పావు చుట్టు గుండ్రంగా నడవమనేవారు. తాడు వదులైతే చాలు, “అబ్బయా, ఆడ సడలింది, మళ్లీ రా” అనేవారు. ఒక స్తంభం దగ్గర అయ్యాక రెండోది, రెంటినీ కలుపుతూ నాలుగు గజాల గీత. సరుగుడు బాదులే స్తంభాలు. పట్టపుపాళెం నుంచి తెచ్చిన పాత చేపల వలే నెట్. గీతలు వేసే ముందు ఇంకో పని ఉండేది. మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా రాళ్లూ పెంకులూ ఏరిస్తూ నడిపించేవారు. ఒక్కడి గుప్పిట్లో గాజుపెంకు కనిపించినా ఆ రోజు ఆట ఆగిపోయి మళ్లీ ఇంకో చుట్టు ఏరాల్సిందే. ఆ వయసులో మాకు విసుగ్గా ఉండేది. మొన్న ఆ పిల్లవాడి నోట్లో రక్తం చూసినప్పుడు ఆ నడక గుర్తొచ్చింది.

నాది ఎడమచేతి వాటం. ఇంట్లో అన్నం దగ్గర, బళ్లో పలక దగ్గర దెబ్బలు తిన్నవాణ్ణి. హాకీ కర్రకు ఎడమవైపే చదును ఉంటుంది, ఆ వైపుతోనే బంతిని కొట్టాలి. ఎడమచేతి వాళ్లకని వేరే కర్ర దొరకదు. మొదటి రోజే ఏడుపు మొహం పెట్టుకుని ఆ సంగతి చెప్తే ఆయన నా ఎడమ చెయ్యి తీసి కర్ర పైకొసన పెట్టి, “ఈ ఆటలో కర్రను తిప్పేది ఇదేరా. కుడి చెయ్యి తోడు, అంతే” అన్నారు. ఆ మాటతో నేను ఇరవై ఏళ్లు ఆడాను. మోకాలి కింద ఎముకకు దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్ గార్డులు కొనలేని వాళ్లం కాబట్టి దినపత్రికలు మడిచి మేజోళ్లలో దోపుకునేవాళ్లం. ఆదివారం అనుబంధం మందంగా ఉంటుందని దానికోసం పోటీ పడేవాళ్లం.

2021 ఆగస్టు 5 పొద్దున ఏడు గంటలకు మాస్టారు మమ్మల్నందరినీ టీ కొట్టు దగ్గరికి పిలిపించారు. టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం కోసం జర్మనీతో మ్యాచ్. 1980లో మాస్కో బంగారు పతకం వార్త రేడియోలో విన్న మనిషి, నలభై ఒక్క ఏళ్లు కాచుకుని కూర్చున్నాడు. 5-4తో మనం ముందున్నాం. ఆఖరి సెకన్లలో వాళ్లకు పెనాల్టీ కార్నర్, అంటే గోల్ కొట్టడానికి మంచి అవకాశం. మన గోల్‌కీపరు శ్రీజేష్ ఆపేసరికి కొట్టంతా కేకలు. మాస్టారు మాత్రం లేచి బయటికి పోయి గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆయన కళ్లు తుడుచుకోవడం మేం చూసింది ఆ ఒక్కసారే. పారిస్ ఒలింపిక్స్ పతకం నాటికి ఆయన లేరు.

ఇప్పుడు అసలు విషయం. ఈ టోర్నమెంటులో మా ఊరి జట్టు మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. ఓడిపోవడం బాధ కాదు. పదకొండు మందిలో ఏడుగురం నలభై దాటినవాళ్లం. పిల్లల జట్టుకైతే క్రికెట్ ఆడేవాళ్లను బతిమాలి, రెండు రోజులు కర్ర పట్టుకోవడం నేర్పి దించాం. మాస్టారు పోయాక మా ఊళ్లో కొత్తగా కర్ర పట్టిన పిల్లవాడు లేడు. నగదు బహుమతి ఉంది కాబట్టి దూరం ఊళ్ల నుంచి మంచి జట్లు వస్తున్నాయి, జనం చూస్తున్నారు, నాలుగో రోజుకి కర్రలన్నీ వాటితోపాటే బస్సెక్కి పోతున్నాయి. మిగిలిన 362 రోజులు ఆ మైదానం అద్దెకు తిరుగుతుంది. లేదంటే నడిమధ్యలో వేసిన సిమెంటు పిచ్ మీద క్రికెట్. క్రికెట్ అంటే నాకు కోపం లేదు, మా అబ్బాయి కూడా అదే ఆడతాడు. పిచ్ ఒక పక్కకు వేస్తే రెండు ఆటలకూ చోటుంటుంది.

మేం టర్ఫ్ అడగడం లేదు. ఒలింపిక్స్ హాకీ 1976 మాంట్రియల్ నుంచి కృత్రిమ పచ్చిక మీదే జరుగుతోంది, మట్టి మీద నేర్చుకున్న పిల్లలు సెలెక్షన్లకు పోయి ఆ వేగానికి తడబడతారు, అదంతా నిజమే. కానీ అది కోట్లతో పని. చదునైన నేల కోట్లతో పని కాదు. మైదానం అద్దెకు ఇచ్చేవాళ్లు ముందుగా డిపాజిట్ కట్టించుకుని, గుంటలు పూడ్చి రోలరు తిప్పించాకే తిరిగి ఇవ్వాలి. సంక్రాంతికి ముందు నెల మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. ఆ మైదానం ఎవరి చేతిలో ఉందో వాళ్లకు నా విన్నపం ఇంతే.

నిర్వాహక సోదరులకు మరో మాట. ఈసారి ఫ్లెక్సీల్లో నాయకుల బొమ్మల మధ్య మాస్టారి ఫొటో వెతుక్కోవాల్సి వచ్చింది. వచ్చే ఏడాది ఫ్లెక్సీలూ సౌండ్ సిస్టమూ సగానికి తగ్గించండి, ఆ డబ్బుతో ముందు పిల్లల సైజు కీపర్ కిట్ ఒకటి కొనండి. తర్వాత చిన్న కర్రలు ఒక ఇరవై. వాటిని హైస్కూల్లో పెట్టెలో పెట్టి తాళంచెవి వ్యాయామ ఉపాధ్యాయుడికి ఇద్దాం. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17 విభాగాలున్నాయి. ఏడాదంతా ఆడిస్తే మన మండలం నుంచి పిల్లలు పోరా? ఆడపిల్లల్ని మరిచిపోవద్దు. మాస్టారు చున్నీ నడుముకు కట్టించి మరీ ఆడించారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన రజని భారత జట్టుకు గోల్‌కీపరుగా ఆడింది, మన పిల్లలు ఎందుకు ఆడరు? మొన్న గట్టు మీద కూర్చున్న ఒక పిల్ల “మాకు లేదా అంకుల్?” అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

వారానికి రెండు సాయంత్రాలు నేను వస్తాను. ఇంకో నలుగురు కూడా ఒప్పుకున్నారు.

పండగ వెళ్లాక మాస్టారి ఇంటికి పోయాను. అమ్మ, అంటే మాస్టారి భార్య, ట్రంకు పెట్టె తీసి చూపించారు. పదకొండు కర్రలు ఉన్నాయి, పిడులకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి. వాటి కింద ఆ పదహారు గజాల తాడు, కొసల్లో ఇంకా సున్నం. “ఎప్పుడు మొదలుపెడతారో చెప్పు, ఆ రోజు పొద్దున్నే వచ్చి తీసుకుపో” అన్నారు.

ఇట్లు,
మాస్టారి దగ్గర ఆడిన ఒక పాఠకుడు,
కావలి ప్రాంతం, నెల్లూరు జిల్లా