దేవుడు ఒక్కడేనని బడి తేల్చాలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

బడుల్లో పొద్దున్నే చేయించే ప్రార్థన ఎలా ఉండాలన్న దాని మీద మీ లేఖల పేజీలో కొన్నాళ్లుగా సాగుతున్న చర్చ చదువుతున్నాను. రాసినవాళ్లలో ఎక్కువమంది చివరికి చేరుతున్నది ఒక్కచోటికే. "దేవుడు ఒక్కడే, పేర్లే వేరు" అని పిల్లల చేత చెప్పిస్తే సరి, ఏ మతంవాళ్లూ నొచ్చుకోరు అంటున్నారు. ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ ఏళ్ల తరబడి ప్రభుత్వ బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఈ మాటతో పేచీ ఉంది. ఇది అందరికీ చెందిన మాట కాదు. ఇదీ ఒక మతాభిప్రాయమే. దాన్ని నమ్మేవాళ్లు మన దగ్గర ఎక్కువ కాబట్టి అభిప్రాయమని మనకు తోచదు, అంతే.

పక్కపక్క బెంచీల్లో కూర్చునే ఇద్దరు పిల్లల సంగతే చూడండి. ఒకడు ముస్లిం, ఇంకొకడు క్రైస్తవుడు. అల్లా ఒక్కడే, ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు, ఆయనకు సాటి లేదు అని ఖురాన్ 112వ సూరా (అధ్యాయం) నాలుగే వాక్యాల్లో కుండబద్దలు కొట్టినట్టు చెబుతుంది. రెండోవాడి ఇంట్లో యేసు దేవుని కుమారుడన్నదే విశ్వాసానికి పునాది. ఆ కుమారుడు తండ్రితో సమానమైన దైవమేనని క్రీ.శ. 325లో నికేయాలో బిషప్పులు సభ పెట్టి మరీ తీర్మానించారు. అదే యేసును ఇస్లాం ఈసా ప్రవక్తగా గౌరవిస్తుంది, కన్య మరియమ్మకు పుట్టాడనీ ఒప్పుకుంటుంది. దేవుడు మాత్రం కాడంటుంది. ఇందులో పేర్ల తేడా ఎక్కడుంది? దేవుడు ఎలాంటివాడన్న దాని మీదే తేడా. ఆ పిల్లలిద్దరూ ఒకే డబ్బాలో అన్నం పంచుకు తింటారు. దానికి ఈ తేడా ఏనాడూ అడ్డం రాలేదు.

హిందువుల్లో ఏకాభిప్రాయం ఉందా అంటే అదీ లేదు. శంకరుల దృష్టిలో పరబ్రహ్మానికి గుణాలు లేవు, జీవుడు అంతకంటే వేరు కాడు. రామానుజులు ససేమిరా అన్నారు. భగవంతుడు కల్యాణగుణాలున్నవాడు, జీవులూ జగత్తూ ఆయనకు శరీరం అన్నారు. మధ్వాచార్యుల మతంలో జీవుడు ఎప్పటికీ జీవుడే, దేవుడు దేవుడే. ఇక పూర్వమీమాంసకులున్నారు. యజ్ఞాలను ప్రాణంగా చూసుకున్న ఈ వైదికులు, లోకాన్ని పుట్టించిన ఈశ్వరుడొకడు ఉండాలంటే ఒప్పుకోలేదు. వేదం చాలు, కర్మ చాలు అన్నారు. ఈ సంగతి చెబితే మా స్టాఫ్‌రూమ్‌లోనే ఒకరిద్దరు నమ్మలేదు.

కొలనుపాక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. ఆలేరు దగ్గరి ఊరు అది, చాలామంది చూసే ఉంటారు. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లాం. జైన మందిరంలో మహావీరుడి విగ్రహం ముందు ఒక పిల్ల దండం పెట్టి, పరీక్ష పాస్ చేయించమని పైకే మొక్కుకుంది. పక్కనున్న ఒక పెద్దాయన నవ్వి, "ఆయన ఏమీ ఇవ్వడమ్మా, అడిగినా ఇవ్వడు" అన్నాడు. పిల్ల బిత్తరపోయింది. "మరి మీరెందుకు మొక్కుతున్నారు?" అంది. "ఆయన నడిచిన దారిలో నడవడానికి" అన్నాడాయన. లోకానికి మొదలూ తుదీ లేవని, దాన్ని ఎవరూ సృష్టించలేదని, ఎవరి కర్మ వాళ్లే కడుక్కోవాలని జైనులు అంటారని ఆ ఎండలోనే మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. మహావీరుడి లాంటి తీర్థంకరుడు కర్మను గెలిచి వెళ్లిపోయినవాడు, వరాలిచ్చేవాడు కాడు.

అక్కణ్ణుంచి అదే ఊళ్లో సోమేశ్వరాలయానికి నడిచాం. అక్కడి లింగంలోంచే తమ మూలగురువు రేణుకాచార్యుడు ఉద్భవించాడని వీరశైవుల నమ్మకం. శివుడే సర్వం వాళ్లకు. ఇష్టలింగాన్ని ఒంటి మీదనే ధరిస్తారు. ఒకే ఊళ్లో, ఒక్కపూటలో, లోకానికి కర్త లేడనేవాళ్లనూ లోకమంతా శివుడేననేవాళ్లనూ చూశారు మా పిల్లలు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాళ్లు పెట్టుకున్న వాదనలు నేను ఏ పాఠంతోనూ పెట్టించలేకపోయాను. ఎవరూ ఎవరినీ కొట్టుకోలేదని కూడా చెప్పాలి.

ఇదేమీ మనకు కొత్త కాదు. నాగార్జునకొండ శాసనాలు చూస్తే ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. ఆయన సోదరి శాంతిశ్రీ అక్కడి బౌద్ధ మహాచైత్యానికి రాతి స్తంభాలు నిలబెట్టించింది. సృష్టికర్త సంగతి పట్టించుకోని ధర్మం ఆమెది, దేవతలకు హవిస్సులిచ్చే ధర్మం ఆయనది. దాదాపు 1700 ఏళ్ల కిందట ఒకే ఇంట్లో ఈ రెండూ ఇమిడాయి.

మేడారం జాతరను "ఒక్కడే దేవుడు" అన్న మాటలో ఎలా ఇరికిస్తారో నాకైతే తెలియదు. అక్కడ విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను తెస్తే గద్దె మీద కొలువుంటుంది. ఆమె బ్రహ్మాండాన్ని సృష్టించిన పరమాత్మ కాదు. కాకతీయుల సైన్యంతో పోరాడిన తమ ఆడబిడ్డ అని కోయలు చెప్పుకుంటారు. బెల్లాన్ని బంగారమని పిలిచి నిలువెత్తు తూకం వేసి ఇచ్చే భక్తులకు ఆమెతో ఉన్నది చుట్టరికం లాంటి బంధం. "ఆమె కూడా ఆ ఒక్కడి రూపమేలే" అని పెద్దమనసుతో కలిపేసుకుంటే మనకు తృప్తిగానే ఉంటుంది. కోయపిల్లకు ఎలా ఉంటుందో ఎవరైనా అడిగారా?

ఇలాంటి ప్రశ్న మన రాజ్యాంగ సభలోనే వచ్చింది. 1949 అక్టోబర్ 17న పీఠిక మీద చర్చ జరుగుతుంటే, దాన్ని "దేవుని పేరున" అని మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. అడ్డుపడినవాళ్లంతా నాస్తికులనుకుంటే పొరపాటు. తాను దేవుణ్ణి నమ్ముతానని చెప్పిన పట్టం థాను పిళ్లై, నమ్మకం విషయంలో ఎవరినీ నిర్బంధించకూడదంటూ ఆ సవరణను వ్యతిరేకించారు. మనసు లోతుల్లో ఉండాల్సిన దాన్ని చర్చకు ఈడ్చినందుకు హృదయనాథ్ కుంజ్రూ బాధపడ్డారు. అస్సాంకు చెందిన రోహిణీ కుమార్ చౌధురి లేచి, మాది కామాఖ్య అమ్మవారిని కొలిచే దేశం, దేవుడి పేరు పెట్టి దేవిని వదిలేస్తారా అని అడిగారు. దేవుడి మీద ఓటు వేయాల్సిన ఇబ్బంది మాకు పెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ కామత్‌ను వేడుకున్నారు. ఆయన వినలేదు. ఓటింగ్ పెడితే అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 వచ్చాయి. సవరణ వీగిపోయింది. అందుకే పీఠిక "భారత ప్రజలమైన మేము" అంటూ మొదలవుతుంది. ప్రమాణ స్వీకారాల్లో మాత్రం దేవుని పేరున ప్రమాణం చేసే వీలూ, దేవుని ఊసు లేకుండా చేసే వీలూ రెండూ ఉంచారు. నాకు ఈ ఏర్పాటే నచ్చుతుంది. ఎవరి నోట్లోనూ మనం మాట పెట్టడం లేదు.

చట్టం కూడా ఇటే మొగ్గుతుంది. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడుల్లో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటోంది. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ పొందే బడుల్లో సైతం, తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా పిల్లల్ని ఆరాధనలో కూర్చోబెట్టరాదంటుంది. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం పాడకుండా మర్యాదగా నిలబడినందుకు బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. అదే కోర్టు 2002లో ఇంకో మాటా అంది. మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి చదువు చెప్పడం వేరు, రెండోదానికి అడ్డు లేదు అని. మనం ఈ రెండోది వదిలేసి మొదటిదాన్ని దొడ్డిదారిన చేస్తున్నాం. మతాల గురించి పాఠంలో ఏముందంటే పండగల జాబితా, ప్రార్థనాలయాల బొమ్మలు. ఎవరు దేని గురించి ఏమనుకుంటున్నారో మాత్రం ఉండదు. బడి అసెంబ్లీలో మాత్రం అందరి దేవుడూ ఒక్కడేనని రోజూ వల్లె వేయిస్తాం.

విజయవాడలో గోరా, సరస్వతీ గోరా దంపతులు నడిపిన నాస్తిక కేంద్రాన్నీ మరవకూడదు. అది 1940లో ముదునూరులో మొదలై, తర్వాత విజయవాడకు మారింది. దేవుడు లేడంటూనే అంటరానితనం మీద పోరాడిన గోరాతో గాంధీజీ కూర్చుని మాట్లాడారు. అలాంటి ఇళ్ల పిల్లలూ మన బడులకే వస్తారు. వాళ్ల చేత "దేవుడు ఒక్కడే" అనిపించడం ఏం న్యాయం?

తేడాలు చెబితే పిల్లలు తగవులు పడతారన్నది అందరి భయం. నా అనుభవంలో తగవులు వచ్చింది తెలియక. తీర్థంకరుణ్ణి చూసి నవ్వినవాడికి దిగంబరత్వం ఏమిటో ఎవరూ చెప్పలేదు. పీర్ల సావిట్లోకి నవ్వుతూ వెళ్లినవాడికి, ప్రవక్త మనవడు హుస్సేన్ ప్రాణాలొదిలిన కర్బలా కథ తెలియదు.

కాబట్టి విద్యాశాఖకు నా మనవి ఇది. అసెంబ్లీలో రెండు నిమిషాలు మౌనం పెట్టండి, ఎవరికి తోచింది వాళ్లు తలచుకుంటారు. తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రంలో దేవుడి గురించి ఎవరేమంటున్నారో చెప్పే పాఠం ఒకటి చేర్చండి. ముసాయిదాను అచ్చుకు పంపే ముందు మౌల్వీకీ, పాస్టరుకూ, జైన సాధువుకూ, కోయ పూజారికీ, నాస్తికుడికీ చూపించండి, ఎవరి భాగం వాళ్లు దిద్దుతారు. ఇలాంటి పాఠం చెబితే రేపు ఏ తండ్రి వచ్చి గొడవ పెట్టుకుంటాడోనని టీచర్లకు టెన్షన్ ఉంటుంది. అందుకే పాఠంతోపాటు శాఖ తరఫున రాతపూర్వకంగా ఉత్తర్వు కూడా ఇవ్వాలి, హెడ్మాస్టరు నోటిమాట మీద వదిలేయకూడదు. కొత్త పుస్తకాలు ఎప్పుడు దిద్దినా ఈ ఒక్క పని చేయవచ్చు, ఖర్చు కూడా పెద్దగా లేదు.

– ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, జనగామ